చంద్రుడు వణకని సాయంత్రం

మా బాపు నాతో అన్న ఆఖరి మాట నేను వినలేదు. ఎక్కడో దూరాన లేను, పక్కనే ఉన్నాను. ఆయన పెదాలు కదలడం కంటి కొసతో చూశాను కూడా. అయినా తల తిప్పలేదు. ఆ మాట ఏమై ఉంటుందా అని ఏడాది పాటు కుమిలిపోయాను. తెలిసిన రోజున, తెలియకపోయినా బాగుండేదే అనిపించింది. తెలియకుండా ఉండగలిగేదాన్నా అంటే అదీ లేదు.

మాది దాజీ పేట్, మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్ల పేట. కింద నాలుగు సాంచాలు, పైన రెండు గదులు, ఆ పైన స్లాబు. సాంచా అంటే మా వాళ్ల నోట పవర్‌లూమ్. బాపు వాటి మీద చద్దర్లు నేసేవాడు. అమ్మ పై గది గుమ్మం దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. సాంచాలు ఆడుతున్నంతసేపూ ఇంట్లో గిన్నెలు గలగలమంటూనే ఉండేవి, బిందెలో నీళ్లు నిలకడగా ఉండేవి కావు. ఊరి నుంచి చుట్టాలెవరైనా వస్తే మొదటి రోజు నిద్ర పట్టక సణుక్కునేవాళ్లు. మాకు మాత్రం అవి ఆగితేనే మెలకువ వచ్చేది.

ఆ మోతలో గొంతు చించుకున్నా ఎదుటి మనిషికి వినపడదు. అందుకని కార్ఖానాలో ఎవరూ గొంతు వాడరు. పెదాలు కదిలిస్తారు, వేళ్లు ఆడిస్తారు, సరిపోతుంది. దారం తెగిందనీ, టీ వచ్చిందనీ, ఫలానా ఇంట్లో పిల్ల పుట్టిందనీ అన్నీ పెదాల మీదే నడిచిపోతాయి. మనిషి అటు తిరిగి ఉంటే భుజం తట్టాలి, లేదా మడమతో నేల మీద ఒక్కటి కొట్టాలి. చూసేదాకా మాట మొదలుపెట్టకూడదు, చూడని మనిషికి చెప్పినా చెప్పనట్టే. నలభై ఏళ్లు అలా గడిపి బాపు ఇంట్లో కూడా ఆ పద్ధతికే వచ్చేశాడు. చెవులు సగానికి పైగా పోయాయి. నలుగురిలోకి వెళ్తే గొంతు పెట్టేవాడు గానీ, నా దగ్గరా అమ్మ దగ్గరా ఉత్త పెదాలే. మేమిద్దరం చదువుకునేవాళ్లం. నాకైతే అక్షరాల కంటే ముందు వచ్చిన చదువు అది.

నాకు పెళ్లయింది, రెండేళ్లకే తిరిగొచ్చాను, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. వచ్చాక అశోక్ చౌక్‌లో ఒక ఫోటో స్టూడియోలో చేరి కెమెరా పని నేర్చుకున్నాను. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు వీడియో తీసేది నేనే. ఈ పని చేసేవాళ్లకు ఒక రోగం పట్టుకుంటుంది. ఎదురుగా ఏం మాట్లాడుతున్నా మనం వినం. పెళ్లికూతురి తల్లి కళ్లు తుడుచుకుంటూ ఏదో చెబుతుంటుంది, మన ధ్యాస అంతా ఫోకస్ మీద, వెలుతురు మీద. మాటలు ఎలాగూ రికార్డవుతున్నాయి కదా, ఎడిటింగులో వినొచ్చులే అని ధీమా. ఆ రోగం నాకు ముదిరిపోయిందని నాకు తెలియదు.

టెలిస్కోపు అనుకోకుండా వచ్చింది. స్టూడియోకి వచ్చిపోయే ఒక రిటైరైన మరాఠీ మాస్టారు ఊరు మారుతూ, దీన్ని ఎక్కడికని మోసుకుపోను, నువ్వు చూసుకో అని నాకు అప్పజెప్పాడు. మూడు కాళ్ల స్టాండు మీద తెల్లటి గొట్టం, తిప్పడానికి పక్కన సన్నటి మర. మొదటి సాయంత్రం స్లాబు మీద పెట్టి చంద్రుణ్ణి చూశాను. ఒళ్లు ఝల్లుమంది. ఆ గుంటలు, ఆ నీడలు! కిందికి పరిగెత్తుకెళ్లి బాపును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆయన కళ్లద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు, ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి చూశాడు. ఆ చిన్న రంధ్రం దగ్గర ఆయన కన్ను కుదరలేదు. అప్పటికే శుక్లాలు మొదలయ్యాయి. చివరికి నా మొహం చిన్నబోతుందని, అబ్బ ఎంత బాగుందో అన్నట్టు తలూపాడు. నాకు తెలియదా మా బాపు అబద్ధం!

కెమెరా తగిలించాలన్న ఆలోచన అలా పుట్టింది. మొదట్లో అది ఆయన కోసమే, ఆ మాట నేను మర్చిపోకూడదు. పద్ధతి పెద్ద కష్టమేం కాదు. కెమెరాకున్న లెన్సు ఊడదీసి, ఆ చోట ఒక రింగు బిగించి, టెలిస్కోపులో కన్ను పెట్టే చోట దాన్ని దూర్చాలి. అప్పుడు ఆ తెల్ల గొట్టమే కెమెరాకు లెన్సు అవుతుంది. వెనక స్క్రీన్ మీద చంద్రుడు అరచెయ్యంత వెడల్పున కనపడతాడు. దాన్నే వీడియోగా పట్టుకోవచ్చు.

తీరా తగిలించాక కెమెరా బరువుకు టెలిస్కోపు వెనక్కి వాలిపోయింది. ఎన్నిసార్లు బిగించినా అంతే. నేను విసుక్కుంటుంటే బాపు కాసేపు చూసి, మాట్లాడకుండా కిందికి వెళ్లి, పడుగు బిగువుగా ఉండటానికి సాంచాకు వేలాడదీసే ఇనుప బరువు ఒకటి పట్టుకొచ్చాడు. సుతిల్ తాడుతో గొట్టం ముందు భాగాన ముడి వేసి, అటు రెండు వేళ్లు ఇటు రెండు వేళ్లు జరిపి చూసి వదిలాడు. గొట్టం గాల్లో నిలబడ్డట్టు నిలబడింది. ఇంత పెద్ద చదువు చదివినవాళ్ల సామాన్లకు కూడా బరువు లెక్క తెలియదా అన్నట్టు చేతులు దులుపుకున్నాడు. ఆ ఠీవి చూసి అమ్మా నేనూ ఒకటే నవ్వు.

స్క్రీన్ మీద బొమ్మను పది రెట్లు పెంచి ఫోకస్ చూద్దామంటే చంద్రుడు గజగజ వణుకుతున్నాడు. గుంటల అంచులు రెండు రెండుగా కనపడుతున్నాయి. గాలేమో అనుకున్నాను. ఆకు కూడా కదలడం లేదు. స్టాండు మరలన్నీ మళ్లీ బిగించాను. వణుకు తగ్గదు. బాపు స్క్రీన్ దగ్గరికి వంగి చూసి, చంద్రునికి సలిజొరం వచ్చినట్టుంది, కషాయం తాపిద్దామా అని ఆట పట్టించాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత ఆయన నవ్వడం మానేసి, వేలితో మోకాలి మీద తాళం వేస్తూ ఆ వణుకునే చూశాడు. నా భుజం తట్టి పెదాలు కదిపాడు.

"ఇది మూడో సాంచాది బిడ్డా. దాని దెబ్బ గట్టిగుంటది."

నమ్మలేదు నేను. ఆయన కిందికి వెళ్లి మూడోది ఆపాడు. వణుకు సగానికి సగం పడిపోయింది. మెట్ల మీద నుంచి తల బయటికి పెట్టి ఎట్లుంది అని కనుబొమలు ఎగరేశాడు. రెండు లక్షల మైళ్ల అవతలున్న చంద్రుణ్ణి చూసి కింద ఏ సాంచా మొండికేస్తుందో చెప్పగలిగిన మనిషి మా బాపు ఒక్కడే అయి ఉంటాడు. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మకు రెండుసార్లు చెప్పుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. నాకు ఆశ పట్టింది. ఫోటో ఒక్కటి తీస్తే ఆ ఒక్కటీ వణికినట్టే పడుతుంది. అదే వీడియో అయితే నిమిషంలో వందల బొమ్మలు పడతాయి. వాటిలో నిలకడగా ఉన్నవి ఏరి, ఒకదాని మీద ఒకటి కంప్యూటర్లో పేరిస్తే చెక్కినట్టుగా చంద్రుడు వస్తాడు. ఈ పని నేర్చుకోవడానికి సెలవురోజులన్నీ పోశాను. ఎన్ని ఏరినా మా ఇంటి వీడియోలో నిలకడైన బొమ్మలు పది కూడా దొరికేవి కావు. వేరేవాళ్లు తీసినవి చూస్తే కడుపు మండేది. వాళ్ల ఇళ్ల కింద సాంచాలు లేవు.

ఒక సాయంత్రం నా ఓపిక చచ్చింది. గంట సేపు తిప్పలు పడి ఫోకస్ కుదిర్చాను, అంతలో కింద నాలుగూ ఒకేసారి ఊపందుకున్నాయి. నేను పళ్లు నూరుకుంటూ, గొంతు పెగల్చకుండా నాలో నేనే అనుకున్నాను, ఈ సాంచాలు ఎప్పుడు పోతయో, పీడ విరగడైతది అని. తల ఎత్తితే మెట్ల దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. సరిగ్గా నా మొహంలోకే చూస్తున్నాడు. మా ఇంట్లో లోపల్లోపల గొణుక్కోవడం కుదరదు. పెదాలు కదిలితే చాలు, చెప్పినట్టే.

ఆయన మొహం మారలేదు. వెనక్కి తిరిగి కిందికి పోయాడు. కాసేపటికి ఒకటో సాంచా ఆగింది, తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఇంట్లో గిన్నెలు ఊరుకున్నాయి. ఆయన పది నిమిషాలు ఆపాడు. నేను ఆ పది నిమిషాలూ వీడియో తీసుకున్నాను. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

ఆ రోజు నుంచి ఆకాశంలో చంద్రుడున్న ప్రతి సాయంత్రం, నేను అడగకుండానే, దీపాలు పెట్టే వేళకు పది నిమిషాలు నాలుగూ ఆపేవాడు. పని నడుస్తున్న సాంచాను మధ్యలో ఆపడమంటే నేతగాడికి చెయ్యి రాదు. బట్టలో ఆగిన చోట గీత పడుతుంది, దాన్ని సరిచెయ్యడానికి మళ్లీ తిప్పలు పడాలి. అది తెలిసి కూడా నేను ఎందుకు బాపూ ఆపుతున్నావు అని అడగలేదు. నేనన్నది తప్పయింది అని కూడా అనలేదు. రేపు అంటాను, ఎల్లుండి అంటాను అనుకున్నాను. ఆ మాట ఎత్తితే ఆయన చూసిన సంగతి ఖాయమవుతుందని భయం. ఎత్తకపోతే ఒకవేళ చూడలేదేమో అని నన్ను నేను మోసం చేసుకోవచ్చు.

ఆ తర్వాతి ఏడాది సాంచాలు నిజంగానే పోయాయి. నా నోటి వల్ల కాదు, నా నోటికి అంత మహిమ లేదు. చద్దర్లకు గిరాకీ పడిపోయింది. కుంఠా నాకా వైపు కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, మా గల్లీలో మిగిలిన మోత మాదొక్కటే అయింది, ఆఖరికి అదీ ఆగింది. పాత ఇనుము కొనే భంగార్ వాళ్లు వచ్చి సమ్మెటలతో కొట్టి ముక్కలు చేసి టెంపోలో వేసుకుపోయారు. బాపు దగ్గరుండి, ఈ బోల్టు ఇటు తిప్పితే వస్తది, దీన్ని కొట్టొద్దు, ఊడదీయండి అని వాళ్లకు చూపించాడు. ఎట్లాగూ పగలగొట్టేదానికి ఇంత జాగ్రత్త ఎందుకు కాకా అని అందులో ఒకడు నవ్వాడు. మూడో సాంచా పోయేటప్పుడు బాపు ఇంట్లోకి వచ్చి మంచినీళ్లు తాగి, మళ్లీ బయటికి వెళ్లలేదు. టెలిస్కోపుకు కట్టిన ఆ ఇనుప బరువు ఒక్కటీ మిగిలింది. అదీ ఇచ్చెయ్యాలా అని బాపు అడిగితే నేను ఇవ్వనన్నాను.

ఆ సాయంత్రం స్లాబు ఎక్కి కెమెరా తగిలించాను. ఎందుకు తగిలించానో నాకే తెలియదు. స్క్రీన్ మీద చంద్రుడు రాయిలా నిలబడ్డాడు. ఎన్నాళ్లుగానో కోరుకున్న బొమ్మ. నేను అక్కడే చతికిలబడ్డాను. ఏడ్చాను కూడా, దాచుకోవడం దేనికి.

పని లేని మనిషిని చూడటం కష్టం. బాపు పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ కార్ఖానా తాళం తీసి, ఖాళీ గదిలో కాసేపు నిలబడి, తాళం వేసి వచ్చేవాడు. సాయంత్రమైతే స్లాబు మీదికి వచ్చి, కండెలు వేసుకునే పాత చెక్కపెట్టె బోర్లించి నా పక్కన కూర్చునేవాడు. స్క్రీన్ వైపు చూసేవాడు, నా వైపు చూసేవాడు. ఎప్పుడో ఒకప్పుడు ఈయన అడుగుతాడు, పీడ విరగడైందా బిడ్డా అని అడుగుతాడు అనుకునేదాన్ని. అడిగితే కాళ్ల మీద పడదామనుకునేదాన్ని. ఆయన మాత్రం వాతావరణం గురించి, అమ్మ దగ్గు గురించి, కుళాయి నీళ్ల గురించి మాట్లాడేవాడు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం చంద్రుడు ఒక చుక్కను దాచబోతున్నాడని తెలిసింది. నెలవంక సాగిపోతూ పోతూ, తన చీకటి అంచుతో ఒక పెద్ద నక్షత్రాన్ని కప్పేస్తుంది. అది మెల్లగా జరగదు. చుక్క వెలుగుతూ వెలుగుతూ ఉండి, రెప్ప వేసేంతలో ఆరిపోతుంది. ఫోటోకు చిక్కదు, వీడియో ఒక్కటే దారి. నా కెమెరా ఒక్క బిగిన పన్నెండు నిమిషాలు తీసి తనంత తాను ఆగిపోతుంది. ఆ పన్నెండు నిమిషాల్లోనే ఇది పడాలి. నా టెలిస్కోపుకు మోటారు లేదు కాబట్టి చంద్రుడు బొమ్మలోంచి జారిపోకుండా పక్కనున్న మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూనే ఉండాలి, స్క్రీన్ మీంచి చూపు తీయకూడదు.

సాంచాలు పోయాక ఇల్లు కదలడం మానేసింది గనక మనిషి అడుగు కూడా బొమ్మలో తెలిసిపోయేది. అంతకు ముందు రోజే అమ్మ బట్టలు తీయడానికి వచ్చి నడిస్తే ఒక వీడియో పాడైంది, నేను అమ్మ మీద అరిచాను. అందుకని ఈసారి ముందే బాపు ఎదురుగా నిలబడి, ఆయన నా పెదాలు చూసేలా చెప్పాను.

"పన్నెండు నిమిషాలు బాపూ. కదలొద్దు. కాలు కొట్టొద్దు. నన్ను ముట్టొద్దు."

ఆయన సరే అని తలూపి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, బడిలో పిల్లవాడిలా నిటారుగా కూర్చున్నాడు. నేను బటన్ నొక్కాను. గల్లీ చివర గుళ్లో హారతి గంటలు మోగుతున్నాయి. ఆకాశం ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. నెలవంక పక్కన చుక్క చక్కగా పడింది. చేతిలో మర, కళ్ల ముందు స్క్రీన్, నాకు లోకం లేదు. గంటలు ఆగాయి. అప్పుడే కంటి కొసకు బాపు పెదాలు కదలడం తెలిసింది. ఏదో అంటున్నాడు. ఒక చేత్తో మర పట్టుకునే, రెండో అరచెయ్యి ఆయన వైపు ఎత్తాను. కార్ఖానాలో ఆ సైగకు అర్థం ఆగు అని. తల తిప్పలేదు. రికార్డవుతోంది కదా, తర్వాత వింటాలే అనుకున్నాను. సరిగ్గా ఆ మాటలే అనుకున్నాను.

చుక్క ఆరిపోయింది. దీపం ఊదినట్టు, ఉన్నది లేకుండా పోయింది. నేను చిన్నపిల్లలా కేక పెట్టాను. వెంటనే వెనక్కి తిప్పి వీడియో చూసుకున్నాను, పడింది, అద్భుతంగా పడింది. చూపిద్దామని తిరిగేసరికి అమ్మ వచ్చి బాపు రెక్క పట్టుకుని లేపుతోంది. ఆయన మోకాళ్లు అంతే, కూర్చుంటే లేవనివ్వవు. దొరికింది బాపూ అన్నాను. ఆయన నన్ను చూసి నవ్వాడు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు. నాకు ఆ పూట పెళ్లి పని ఉంది, అప్పటికే ఆలస్యమైంది. కెమెరాలోంచి కార్డు తీసి డబ్బాలో పెట్టి, వేరేది వేసుకుని పరిగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి ఆయన పడుకున్నాడు.

పొద్దున ఆయన లేవలేదు. ఎడమ పక్క చచ్చుబడింది, మూతి ఒక వైపు లాగేసింది. ఆసుపత్రిలో డాక్టరు మరాఠీలో అడిగాడు, నిన్న ఏమైనా ఇబ్బంది అన్నారా, చెయ్యి గానీ కాలు గానీ మొద్దుబారిందన్నారా అని. ఏమీ లేదు, నిన్న సాయంత్రం నా పక్కనే హాయిగా కూర్చున్నారు అని నేను గట్టిగా చెప్పాను. అమ్మ నేల వైపు చూస్తూ నిలబడింది.

పదకొండు రోజులున్నాడు. తెలివి ఉంది. మనుషులను గుర్తుపట్టేవాడు. మాట్లాడాలని చూసేవాడు. మా దగ్గర గొంతు ఎప్పుడో మర్చిపోయిన మనిషికి మిగిలింది పెదాలే, ఆ పెదాలు ఇప్పుడు ఆయన మాట వినడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పెదాలను చదివినదాన్ని, మొహం మీద మొహం పెట్టి చూసినా ఒక్క మాట అందలేదు. కుడిచేత్తో ఏదో చూపించేవాడు, నాకు అర్థమయ్యేది కాదు, విసిగి చెయ్యి వదిలేసేవాడు. పన్నెండో రోజు పొద్దున పోయాడు.

ఆ కార్డును ఏడాది పాటు ముట్టలేదు. బీరువాలో చీరల కింద పెట్టాను. ధైర్యం లేదనే అనుకోండి. కానీ అది అక్కడుందన్న మాటే నాకు ఆసరా. స్లాబు మీద ఆయన ఏమన్నాడో అందులో ఉంది. ఆ మాట అడిగేశాడేమో, పీడ విరగడైందా అని. లేదా, పోనీలే బిడ్డా, నేనేం మనసులో పెట్టుకోలేదు అన్నాడేమో. తిట్టి ఉన్నా సరే, ఆయన గొంతు వింటాను కదా. నా ఇంత పాడు బతుకులో అదొక్కటి దాచిపెట్టుకున్నాను.

సంవత్సరికం అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, మధ్యాహ్నం పూట గది తలుపు వేసుకుని కంప్యూటర్లో పెట్టాను. చెవులకు స్టూడియో హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. హారతి గంటలు వచ్చాయి. ఎవరిదో స్కూటర్ వెళ్లింది. నా ఊపిరి వినపడింది, మర తిరిగే సన్నటి కీచు వినపడింది. గంటలు ఆగాయి. నేను కళ్లు మూసుకున్నాను.

ఏమీ రాలేదు. వెనక్కి తిప్పాను. శబ్దం పెంచాను. ఎడిటింగులో ఎన్ని మాయలున్నాయో అన్నీ చేశాను. గాలి ఉంది, దూరంగా కుక్క ఉంది, నేనున్నాను. బాపు లేడు. ఎంతసేపు అలా తిప్పానో, అప్పుడు బుర్రకు ఎక్కింది. ఆయన గొంతుతో అని ఉండడు. నా దగ్గర ఆయన గొంతు వాడిందెప్పుడు? నా తలలో ఆయన మాటలన్నీ గొంతుతోనే ఉన్నాయి, ఆ చంద్రుని సలిజొరం మాటా, మూడో సాంచా మాటా, చిన్నప్పటి లాలిపాట సహా. అవి నేను చెవులతో విన్నవి కావు, చూసినవి. చిన్నప్పటి నుంచి చూసి చూసి, విన్నాననే అనుకుంటూ వచ్చాను. ఊళ్లో ఏ కూతురూ ఈ పొరపాటు చెయ్యదు, సాంచాల మీద పెరిగిన నేను చేశాను. ఆ మాట పడాలంటే కెమెరా ఆయన వైపు ఉండాలి. అది చంద్రుడి వైపు ఉంది.

నా ఏడుపు విని అమ్మ తలుపు తోసుకుని వచ్చింది. స్క్రీన్ మీద నెలవంకను చూసింది, నా చెవులకున్నవి చూసింది, సంగతి తెలిసిపోయింది. మంచం అంచున కూర్చుని చెప్పింది. ఆ సాయంత్రం తను మెట్ల మీదనే ఉందట. బట్టలు తీసుకోవడానికి వచ్చి, ముందు రోజు నేను అరిచిన అరుపు గుర్తొచ్చి, పై మెట్టు మీదనే ఆగిపోయిందట.

"నీకే చెప్పిండు ముందుగాల. నువ్వు చెయ్యి లేపినవ్ గదా, ఇగ నా దిక్కు చూసిండు."

ఏమన్నాడని అడగడానికి నాకు నోరు రాలేదు. పెదాలు మాత్రం కదిపి ఉంటాను. అమ్మ చదువుకుంది.

"ఎడమకాలు తిమ్మిరెక్కింది, లేవాల్నా అన్నడు."

ఇంతే. సాంచాలు కాదు, పీడ కాదు, నన్ను క్షమించడమూ కాదు. నేను ఏడాది పాటు ఎన్ని మాటలు ఆయన నోట్లో పెట్టి చూసుకున్నానో, వాటిలో ఇది లేదు. లేవవచ్చా అని నన్ను అడిగాడు. నా భుజం తట్టలేదు, కాలు నేలకు కొట్టలేదు. నేను వద్దన్నాను కదా.

అమ్మ నా వైపు చూడకుండా మిగతాది చెప్పింది.

"నేనే కూసో అన్న. అంతసేపు కూసున్నందుకే ఎక్కి ఉంటది, బిడ్డ పని ఖరాబైతది, జర థాంబా, ఆగు అన్న. దవాఖాన్ల డాక్టర్ సాబ్ అడిగినప్పుడు నాకు నోరు లేవలే."

అమ్మను ఏమనగలను? ఆ చెయ్యి ఎత్తింది నేను. ముందు రోజు అరిచి ఆమెను మెట్టు మీద ఆపిందీ నేనే. అప్పుడే లేపి తీసుకెళ్లి ఉంటే బతికేవాడా అని ఆమె నన్ను అడిగింది. తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు, తెలుసుకునే దారీ లేదు.

ఆ వీడియో ఇంకా నా దగ్గరే ఉంది. అందులో హారతి గంటలు ఆగేది నాలుగో నిమిషం మొదట్లో. చుక్క మాయమయ్యేది పదకొండో నిమిషం దాటాక. ఆ మధ్య ఏడెనిమిది నిమిషాలు నేను ఎన్నోసార్లు, ఒక్కో బొమ్మా ఆపి ఆపి చూశాను. చంద్రుడు ఎక్కడా వణకలేదు. తిమ్మిరెక్కిన కాలితో మా బాపు అంత కదలకుండా కూర్చున్నాడు.